ఎదురింటి దూరం

పదకొండు గంటలకు టీ తాగడం కంపెనీ నిబంధనలకు విరుద్ధమని, ఉద్యోగంలో చేరిన చాన్నాళ్లకు గానీ సుభాషిణికి తెలియలేదు.

ఆమె ఉండేది కాకినాడలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో. ఎదురు వాటా నూర్జహాన్‌ది. రెండు గుమ్మాల మధ్య నడవా ఎంత ఇరుకంటే, ఇద్దరూ ఒకేసారి గుమ్మం కడిగితే ఎవరి నీళ్లు ఎవరివో చెప్పడం కష్టం. ఆ నడవాలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని పదకొండు గంటలకు టీ తాగడం వాళ్లకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఒకరోజు ఈమె టీ, ఒకరోజు ఆమె టీ. నూర్జహాన్ టీలో అల్లం ఎక్కువ. సుభాషిణి టీలో పంచదార తక్కువ. ఆ సంగతి రోజూ ఒకరికొకరు గట్టిగా చెప్పుకుని, గ్లాసులు ఖాళీ చేసి లేచేవారు.

ఉద్యోగంలో ముందు చేరింది నూర్జహానే. "రా అక్కా, నీకు చేతకాని పనేం కాదు. కిరాణా కొట్టువాడు జీలకర్ర రెండుసార్లు రాస్తే పట్టుకునేదానివి, ఆస్పత్రివాళ్లని వదుల్తావా?" అని సుభాషిణిని కూడా లాగింది. కంపెనీ పేరు సర్వక్షేమ క్లెయిమ్స్. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో ఆస్పత్రి బిల్లులు పరిశీలించడం పని. కాలు విరిగినాయన బిల్లులో కాన్పు గది అద్దె ఎందుకుందని మర్యాదగా అడగాలి. పెళ్లినాటి నుంచీ బీరువాలో పట్టుచీరల కింద పడుకున్న డిగ్రీ పట్టా బయటికొచ్చింది. అప్పటిదాకా ఆ వీధిలో ఆమె 'చరణ్ వాళ్ల అమ్మ'. ఇప్పుడు రోజుకో పదిమంది 'సుభాషిణి గారూ' అంటున్నారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఎవరినో పిలుస్తున్నారని వెనక్కి తిరిగి చూసే అలవాటు ఈమధ్యే పోయింది.

ఇలా ఉండగా, కంపెనీలో నిబంధనలు చూసే వేదవతి గారు ఒక సర్క్యులర్ పంపారు. "దూరస్థ ఉద్యోగి అనగా తోటి ఉద్యోగులందరికీ దూరముగా ఉన్న ఉద్యోగి. ఒకే ఆవరణలో ఇరువురు ఉద్యోగులు పనిచేసినచో ఆ ఆవరణ శాఖా కార్యాలయముగా పరిగణింపబడును." శాఖా కార్యాలయమైతే బోర్డు ఉండాలి, ఇసుక పోసిన ఎర్ర బకెట్లుండాలి, ఫిర్యాదుల పెట్టె ఉండాలి. ఇవన్నీ పెట్టే ఉద్దేశం కంపెనీకి లేదు కాబట్టి, అలా దొరికినవాళ్లను హైదరాబాదు ఆఫీసుకు పిలిపించేస్తారు. గుంటూరులో భార్యాభర్తలిద్దరూ ఈ కంపెనీలోనే పనిచేస్తుంటే, సర్క్యులర్ వచ్చిన మర్నాటినుంచి ఆయన గొడుగేసుకుని మేడమీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చుంటున్నాడట.

హైదరాబాదు అంటే ఇద్దరికీ ఉద్యోగం మానడమే. సుభాషిణి భర్తకు పోర్టులో షిఫ్టు డ్యూటీలు, కొడుకు ఇంటర్. నూర్జహాన్ భర్త సలీంకి కింద వీధిలో టైలరింగ్ షాపు. ఆయన జాకెట్లు కుడితే సాయంత్రాలు హుక్కులు కుట్టేది ఈమే. అదృష్టంకొద్దీ నూర్జహాన్ ఆధార్ కార్డులో ఇంకా సామర్లకోట పుట్టింటి చిరునామాయే ఉంది. కంపెనీ లెక్కలో వాళ్లిద్దరూ వేర్వేరు ఊళ్ల మనుషులు.

"సామర్లకోట నుంచి రోజూ ఎలా వస్తున్నావే టీకి?" అని సుభాషిణి అడిగేది.

"రైలు రద్దీగా ఉంటోందక్కా" అనేది నూర్జహాన్, రెండడుగులేసి కూర్చుంటూ.

అంతా సవ్యంగా సాగేదే. కానీ కంపెనీ యాజమాన్యానికి, ఉద్యోగులు ఇళ్లలో ఒంటరిగా కుమిలిపోతున్నారేమోనని జాలి పుట్టింది. ఉల్లాస విభాగం అని ఒకటి పెట్టి, దానికి అధిపతిగా భార్గవ్ అనే కుర్రాణ్ణి తెచ్చారు. పళ్లు బాగుండేవి. మాట్లాడుతున్నంతసేపూ అవి కనిపిస్తూనే ఉండేవి.

"ఫ్రెండ్స్, ఫన్ అనేది ఆప్షనల్ కాదు, మాండేటరీ" అన్నాడు మొదటి శుక్రవారమే. "కానీ మనస్ఫూర్తిగా మాండేటరీ. కెమెరాలు ఆన్‌లో ఉండాలి. నవ్వు నేచురల్‌గా ఉండాలి. నవ్వని వాళ్లు కారణం మెయిల్ చెయ్యాలి."

మొదటి ఆట, రెండు నిజాలూ ఒక అబద్ధమూ చెప్పడం. మిగతావాళ్లు అబద్ధమేదో కనిపెట్టాలి. ముందు ఆదోని రెడ్డెప్ప వంతు వచ్చింది. "నాకు ఐదు మంది చెల్లెండ్లు. నేను చిన్నప్పుడు నాగుబాముని చేత్తో పట్టినా. ఇంతవరకూ దోసె తినింది ల్యా."

ఆటాడేవాళ్లంతా క్లెయిములు పరిశీలించేవాళ్లన్న సంగతి భార్గవ్ మరిచిపోయాడు. తెర మీద ఒక్కొక్క చెయ్యే లేచింది. పామును పట్టినట్టు ఆస్పత్రి కాగితాలున్నాయా అని ఒకరడిగారు.

"అది కరిస్తే కదమ్మా ఆస్పత్రి!"

కరవకపోతే పట్టినట్టు ఆధారమేమిటని ఇంకొకరు. చెల్లెళ్ల జనన ధ్రువపత్రాలు మరొకరు. దోసె తినలేదనడానికి వంటవాళ్ల వాంగ్మూలం కావాలంది సుభాషిణి. ఆడినంతసేపు ఆడి, సరైన పత్రాలు లేనందున నిజాలూ అబద్ధమూ మూడూ పెండింగ్‌లో పెట్టారు.

"ఎనర్జీ సూపర్!" అన్నాడు భార్గవ్, చెమట తుడుచుకుంటూ.

తర్వాత అతను స్నేహపటం తయారు చేయించాడు. అందులో ఉద్యోగులంతా చుక్కలు. ఎవరు ఎవరికి కంపెనీ చాట్‌లో ఎన్ని సందేశాలు, ఎన్ని చప్పట్ల బొమ్మలు పంపితే ఆ రెండు చుక్కల మధ్య గీత అంత లావవుతుంది. పటం చూసి భార్గవ్ గతుక్కుమన్నాడు. వెంటనే సుభాషిణికి వీడియో కాల్ చేశాడు.

"కొంచెం సెన్సిటివ్ విషయమండీ. నూర్జహాన్ గారితో మీకేమైనా ఇష్యూ ఉందా?"

"ఏమీ లేదండీ."

"అదేనండీ ఇష్యూ. ఏమీ లేదు. రెండేళ్లలో ఒక్క మెసేజ్ లేదు, ఒక్క స్మైలీ లేదు. రెడ్డెప్ప గారికీ, ఆయన బ్లాక్ చేసిన మనిషికీ మధ్య కూడా సన్న గీత ఉంది. మీ ఇద్దరి మధ్యా ఎడారి!"

మాట్లాడుకోవలసినదంతా పదకొండు గంటలకే అయిపోతుందని చెప్పడానికి లేదు. సుభాషిణి ఆలోచించి, "మాకు చాట్‌లో చెప్పుకోడానికేం మిగల్లేదండీ" అంది.

"ఏమీ మిగల్లేదు..." భార్గవ్ ఆ మాట రాసుకున్నాడు. "ఎంత పెయిన్ ఉందండీ మీ గొంతులో!"

మర్నాడు ఇద్దరికీ ఉత్తర్వులొచ్చాయి. సఖ్యతా పునరుద్ధరణ పథకం కింద వాళ్లను జంటగా చేర్చారు. కార్తీకమాసం వెళ్లేలోగా ఇద్దరి మధ్యా గీత పడాలి. పడకపోతే హైదరాబాదులో ముఖాముఖి సయోధ్య శిబిరానికి రావాలి, ఆపైన అక్కడే ఉద్యోగం. మొదటి మెట్టుగా వారానికి రెండు రోజులు, ఉల్లాస విభాగం సమక్షంలో, పదకొండు గంటలకు, వర్చువల్ టీ.

ఆ సాయంత్రం నడవాలో కుర్చీలు వేసుకుని ఇద్దరూ తలలు పట్టుకున్నారు.

"నిజం చెప్పేద్దాం అక్కా" అంది నూర్జహాన్.

"చెబితే ఇది ఆఫీసైపోతుంది. ఎర్ర బకెట్లు ఎక్కడ పెట్టిస్తావ్, నీ చెప్పుల స్టాండు మీదా?"

"చెప్పకపోతే?"

"నీతో స్నేహం చెయ్యాలి."

"నీతోనా! యా అల్లా, అంత ఖర్మేంటక్కా నాకు!"

పథకం మొదలైన రోజున పదకొండింటికి రెండు తలుపులూ మూసుకున్నాయి. నడవాలో కుర్చీలు ఖాళీగా ఎదురుబొదురు మిగిలాయి. వాటిలో ఒకదానిమీద దొరసాని ఎక్కి పడుకుంది. దొరసాని ఆ అంతస్తులో ఉండే పిల్లి. మొహం సగం నలుపు, సగం తెలుపు. పొద్దున ఒకరింటి పాలు, సాయంత్రం ఇంకొకరింటి పాలు. ఎవరి పిల్లి అని అడిగితే ఎవరూ చెప్పలేరు.

తెరమీద నూర్జహాన్ మొహం కనిపించగానే సుభాషిణికి నవ్వొచ్చింది. కింద మూలగా భార్గవ్ కూడా ఉన్నాడు, చేతిలో కప్పుతో. అందులో ఏమీ లేదు.

"నమస్కారమండీ. నా పేరు నూర్జహాన్."

"అలాగాండీ. సంతోషం."

"మీకు పిల్లలెంతమందండీ?"

సగం పూటలు వాళ్లింట్లోనే భోంచేసే కొడుకును తలుచుకుని సుభాషిణి, "ఒక అబ్బాయండీ" అంది.

"ఏం చదువుతున్నాడండీ?"

"ఏమీ చదవట్లేదండీ. ఇంటర్‌లో ఉన్నాడు."

"అయ్యో, మొన్న కెమిస్ట్రీలో వాడు..." అని నూర్జహాన్ నాలిక్కరుచుకుంది. "ఏ పిల్లాడైనా అంతేనండీ, కెమిస్ట్రీ కష్టం."

ఇంతలో వీధిలోంచి "తోటకూరమ్మా... గోంగూరా... చుక్కకూరా!" అని కేక. ఈ మైకులోనూ అదే, ఆ మైకులోనూ అదే.

"ఎకో వస్తోంది" అన్నాడు భార్గవ్. "ఎవరైనా తోటకూర మ్యూట్ చెయ్యండి."

ఇద్దరూ పెదవులు బిగబట్టుకుని కూర్చున్నారు. అంతలో నూర్జహాన్ ముక్కు ఎగబీల్చి, కుర్చీలోంచి లేచి, "అక్కా! పాలు మాడుతున్నాయ్!" అని అరిచింది.

సుభాషిణి ఒక్క పరుగున వంటింట్లోకి వెళ్లింది. నిజమే, గిన్నె అడుగంటింది. వెనక్కి వచ్చేసరికి భార్గవ్ నోరు మూతపడి ఉంది. పళ్లు కనిపించకపోవడం అదే మొదటిసారి.

"నూర్జహాన్ గారూ, మీరు సామర్లకోటలో ఉన్నారు. ఆవిడ పాలు మాడుతున్నట్టు మీకెలా తెలిసిందండీ?"

"మనసుకి... తెలిసిందండీ."

భార్గవ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. అంతలో కరెంటు పోయింది. రెండు ఇళ్లలోనూ ఇంటర్నెట్ ఆగి, రెండు మొహాలూ ఒకేసారి మాయమయ్యాయి. ఆ రోజు నివేదికలో అతను రాసింది: "భావోద్వేగం తట్టుకోలేక ఇద్దరూ ఒకే క్షణంలో కాల్ కట్ చేసుకున్నారు."

పటంలో గీత పడింది. ఆపైన ఇద్దరూ జాగ్రత్తకోసం రోజూ చప్పట్ల బొమ్మలు పంపుకోవడంతో అది మోకులా లావెక్కింది. తలుపులు తీసుకుని నడవాలోకి వస్తే ఎవరి ఫోను ఎప్పుడు మోగుతుందోనని భయం. ఎదురింట్లో అల్లం దంచుతున్న చప్పుడు వింటూ, ఇంట్లో చేసుకున్న టీ ఒక్కతే తాగుతుంటే సుభాషిణి గ్లాసులో సగం మిగిలిపోయేది. అల్లం సరిపోయింది, పంచదార సరిపోయింది. వంక పెట్టడానికి మనిషి లేదు.

ఉల్లాస విభాగం మాత్రం ఊరుకోలేదు. సుభాషిణి, నూర్జహాన్‌లను ఆదర్శ జంటగా ప్రకటించింది. ప్రతి జంటా వారానికోసారి ఎదుటివారి పొయ్యిమీద ఏముందో మనసుతో గ్రహించి చెప్పాలని ఆదేశించింది.

"సార్, నా జోడీదారుడు ఇచ్ఛాపురంలో ఉండాడు" అని రెడ్డెప్ప మొరపెట్టుకున్నాడు. "ఆయప్ప హోటల్లో తింటాడు. ఇంట్లో పొయ్యే ల్యా. నేనేం గ్రహించేది?"

"మైండ్‌సెట్ ఇష్యూ" అని మార్కులు తగ్గించాడు భార్గవ్.

కార్తీకం చివరి శుక్రవారం వర్చువల్ వనభోజనం. ఆదర్శ జంటను స్వయంగా చూడ్డానికి ఎండీ గారు కూడా వస్తున్నారు. అందరికీ కొరియర్‌లో ఒక్కొక్క ఉసిరి మొక్క అందింది. దారిలోనే ఆకులు రాలిపోయి, చాలావరకు పుల్లలే అందాయి. మొక్క పక్కన ఉండాలి, వెనకాల కంపెనీ పంపిన అడవి బొమ్మే తెరమీద కనపడాలి.

రెడ్డెప్ప పాపం, లాప్‌టాప్ పట్టుకుని నిజంగానే మామగారి తోటకెళ్లి, కాయలు విరగకాసిన పెద్ద ఉసిరి చెట్టు కింద చాప వేసుకుని కూర్చున్నాడు.

"రెడ్డెప్ప గారూ, మీ వెనక ఉన్నది అప్రూవ్ అయిన అడవి కాదు" అన్నాడు భార్గవ్.

"ఇది నిజం చెట్టు సార్! నెత్తిన కాయలు పడతాండాయి!"

"మిగతావాళ్లకి అది అన్‌ఫెయిర్ అండీ. బ్యాక్‌గ్రౌండ్ పెట్టుకోండి."

రెడ్డెప్ప చెట్టుమీద అడవి బొమ్మ కప్పుకున్నాడు. అప్పుడు గానీ హాజరు పడలేదు.

ఎండీ గారు తెరమీదికొచ్చారు. తెల్లటి మీసాల పెద్దాయన. కంటిచూపు మాత్రం చురుకు. ఆదర్శ జంటను వంటకాలు చూపించమన్నారు. సుభాషిణి పులిహోర గిన్నె ఎత్తింది. నూర్జహాన్ సేమియా పాయసం గిన్నె ఎత్తింది. ఆ రెండిట్లోంచీ చెరో గిన్నెడు, పొద్దున్నే, అలవాటుకొద్దీ, నడవా దాటాయని వాళ్లకు అప్పుడే గుర్తొచ్చి, ఆ రెండో గిన్నెలను కాళ్లతో బల్లకిందికి తోసుకున్నారు.

అయితే దొరసానికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ముందు నూర్జహాన్ అడవిలో ఒక తోక కనిపించింది, పిల్లి లేకుండా. కంపెనీ అడవి దొరసానిని తనలో కలిపేసుకుంది మరి. తర్వాత ఒక చెవి వచ్చింది. ఆపైన సగం నలుపు, సగం తెలుపు మొహం పాయసం గిన్నెలోకి వంగింది.

"అడవిలో జంతువు కూడా పెట్టారే! బావుంది" అన్నారు ఎండీ గారు.

"హుష్! దిగు!" అంది నూర్జహాన్. దొరసాని దిగింది. కిటికీలోంచి నడవాలోకి, నడవాలోంచి ఎదుటి కిటికీలోకి నడిచింది. సుభాషిణి అడవిలో చెట్ల మధ్యనుంచి అదే మొహం, మీసాలకు సేమియాతో, నెమ్మదిగా బయటికొచ్చి పులిహోర వాసన చూసింది.

రెడ్డెప్ప నెత్తిన ఉసిరికాయ పడ్డ చప్పుడు అందరికీ వినపడింది.

"భార్గవ్" అన్నారు ఎండీ గారు. "సామర్లకోట నుంచి కాకినాడకు ఆ పిల్లి అంత వేగంగా ఎలా వచ్చింది?"

"సర్, బాండింగ్ అంత డీప్‌గా ఉన్నప్పుడు..."

"పిల్లి మీసాలకు సేమియా ఉందయ్యా."

మధ్యాహ్నమే విచారణ. ఎండీ గారు, భార్గవ్, వేదవతి గారు ఒకవైపు. ఆదర్శ జంట ఇంకోవైపు. ఇక రేపటినుంచి సుభాషిణి మళ్లీ చరణ్ వాళ్ల అమ్మే. పోయే ఉద్యోగం ఎలాగూ పోతుంది, అబద్ధంతో ఎందుకు పోవాలనిపించింది.

"మేం ఎదురెదురు వాటాల్లో ఉంటామండీ" అంది. "స్నేహితులం. మీ పథకం పుట్టకముందు నుంచీ. రోజూ పదకొండింటికి నడవాలో టీ తాగేవాళ్లం. మీ టీ మొదలయ్యాక అది ఆగిపోయింది."

వేదవతి గారు సర్క్యులర్ తెరిచారు. "అంటే ఒకే ఆవరణ. శాఖా కార్యాలయం. రెండేళ్లుగా బోర్డు లేకుండా, బకెట్లు లేకుండా నడుస్తోంది!"

"శాఖల తనిఖీ ఎవరు చూస్తారు?" అనడిగారు ఎండీ గారు.

చూసేది వేదవతి గారే. ఆవిడ మళ్లీ సర్క్యులర్‌లోకి మొహం దించేసుకున్నారు.

"మరి నీ గీతేమిటయ్యా?" ఎండీ గారు భార్గవ్ వైపు తిరిగారు. "ముందే స్నేహితులైతే నీ విభాగం పీకిందేమిటి?"

భార్గవ్ మొహంలో రంగులు మారాయి. ఎట్టకేలకు పళ్లు కనిపించాయి. "సర్, వాళ్లు ముందే స్నేహితులైతే పటంలో గీత ఉండాలి కదా. లేదు. కాబట్టి వాళ్లు స్నేహితులు కారు. డేటా అబద్ధం చెప్పదు సర్. మనుషులే ఎమోషనల్‌గా పొరబడతారు."

వేదవతి గారు చప్పున తలెత్తారు. "అవునండీ. స్నేహితులు కాకపోతే కలిసి టీ తాగే ప్రశ్నే రాదు. కలవకపోతే ఆవరణ ఒకటి కాదు. ఆవరణ ఒకటి కాకపోతే శాఖ లేదు. శాఖ లేకపోతే తనిఖీ కూడా లేదు."

"మరి పిల్లి?"

"పిల్లి మన ఉద్యోగి కాదండీ."

ఎండీ గారు నుదురు నొక్కుకున్నారు. "సరే. మరి తర్వాత పడ్డ గీత?"

"పిల్లి వల్ల అది అనుమానాస్పదం, రద్దు" అన్నారు వేదవతి గారు. "అంటే మళ్లీ సున్నా. నిబంధన ప్రకారం సయోధ్య శిబిరానికి హైదరాబాదు పిలవాలి."

తెరమీద నూర్జహాన్ దుపట్టా అంచును వేళ్లకు చుట్టుకుంటోంది. ఏం అడుగుతున్నానో తనకే తెలియకుండా సుభాషిణి, పొద్దస్తమానం ఆస్పత్రులకు రాసే వాక్యమే అడిగింది. "శిబిరం ఉద్దేశం ఏమిటో తెలియజేయగలరా?"

వేదవతి గారు చదివారు. "దూరప్రాంతములలోని ఇరువురు ఉద్యోగులను ముఖాముఖిగా ఒకరికొకరు సమీపమునకు తెచ్చుట."

"హైదరాబాదు హాస్టల్లో మాకిచ్చే గదులు ఎంత దూరంలో ఉంటాయండీ?"

"ఒకరిది నాలుగో అంతస్తు, ఒకరిది..." వేదవతి గారు ఆగిపోయారు. అక్కడికి తీసుకెళితే సమీపం కాదు, దూరమే పెరుగుతుంది. అది శిబిరం నిబంధనకే విరుద్ధం.

చివరికి ఎండీ గారే, "ఏదో ఒకటి రాసి ఫైలు మూసెయ్యండి. నాకు పులిహోర గుర్తొచ్చి ఆకలేస్తోంది" అని లేచిపోయారు.

సోమవారం ఉత్తర్వులొచ్చాయి. సుభాషిణి, నూర్జహాన్‌లు సయోధ్యకు సాధ్యం కాని జంటగా నిర్ధారణ అయ్యారు. ఎంత ప్రయత్నించినా పొసగని కారణంగా వీరిద్దరినీ ఇకమీదట ఒకే వీడియో కాల్‌లో గానీ, ఏ ఉల్లాస కార్యక్రమంలో గానీ కలపరాదు. ఏ కార్యక్రమమైనా బృందమంతా కలిసి చేసేదే కాబట్టి, ఇద్దరికీ అన్నిటినుంచీ శాశ్వత మినహాయింపు. ఎవరిళ్లలో వారు యథాప్రకారం పనిచేసుకోవచ్చు.

పదకొండయ్యింది. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. దొరసాని కుర్చీమీంచి దిగి దారి ఇచ్చింది. ఆ రోజు టీ నూర్జహాన్‌ది.

"చూశావా అక్కా" అంది గ్లాసు అందిస్తూ. "నీకూ నాకూ పడదంట. హైదరాబాద్‌లోనే తేల్చేశారు."

సుభాషిణి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఎలా పడుతుందే? ఎన్నేళ్లు చెప్పినా ఈ అల్లం తగ్గించవు గదా!"

గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమని చాచింది.